ముందుగదిలో సోడా

“...పగలగొట్టమన్నాను గానీ పొడి చెయ్యమన్నానా? ఇది ఐసా, ఉప్పా?”

“సుత్తి చేతికిచ్చి కొట్టమంటే ఇలాగే వస్తుంది. ముక్కలు ముక్కల్లా కావాలంటే మీరే కొట్టుకోండి. చేతులేం అరిగిపోవు.”

“ఓడలో నా కింద నలుగురు పనిచేసేవాళ్ళు. ఒక్కడు ఎదురు మాట్లాడితే ఒట్టు.”

“వాళ్ళకి జీతాలిచ్చారు. అందుకని నోరు మూసుకున్నారు.”

వంటింట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మొదలైన ఈ మాటలు నడవ దాటి వీధిలోకి వెళ్తున్నాయి. నడవలో కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని, కుట్టిన కర్టెన్ల అంచులకి వేలాడే దారాలు కత్తిరిస్తున్న ముసలావిడ తలెత్తకుండానే, “కాస్త మెల్లిగా కొట్టుకోండి. ఎదురింటావిడకి అన్నీ ఇవాళే వినిపించేస్తే రేపటికేం మిగలదు,” అంది. ఆవిడ అతని తల్లి.

వీధిలో వాళ్ళకి అతను ఓడాయన. అతని భార్య కర్టెన్లక్క. ఆమె కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టింది పెళ్ళయిన కొత్తలో, అతను మొదటిసారి ఓడెక్కి వెళ్ళాక. ముందు ఇళ్ళకి కుట్టింది. తర్వాత ఆఫీసులకి, ఆసుపత్రులకి. ముందుగదిలో గోడ పొడవునా ఒక బల్ల చేయించుకుంది. కర్టెను గుడ్డని మడత పెట్టి కత్తిరించకూడదు. మడత పెడితే కిందికి వచ్చేసరికి ఒక పక్క ఎగదన్నుతుంది, కిటికీకి తగిలించాక ఎంత సవరించినా సర్దుకోదు. అందుకని బల్ల మీద గుడ్డని నిండా పరిచి, అరచేత్తో ఆ చివరి దాకా నిమిరి, అప్పుడు గానీ కత్తెర పట్టుకునేది కాదు. మిషను కిటికీ దగ్గర ఉండేది, వెలుతురు కోసం.

అతను ఏడాదికోసారి వచ్చేవాడు. ఓడలో బారు చూసుకునే పని. వచ్చినన్నాళ్ళూ ఆమె బల్ల ఖాళీ చేసి దుప్పటి కప్పేది. మంచి కంచంలో పెట్టేది. అతను దేశాల కబుర్లు చెప్పేవాడు, ఆమె వినేది. చుట్టంలా వచ్చాడు, చుట్టంలా వెళ్ళాడు. చుట్టం ఎప్పుడూ చెడ్డవాడు కాడు.

ఈసారి వచ్చి వెళ్ళలేదు. ఇక సముద్రం చాలు, ఒడ్డునే ఏదైనా చూసుకుంటానన్నాడు. వచ్చిన వారంలోనే ఆమె బల్లకి వార్నిష్ కొట్టించాడు. దారపు ఉండలుండే అరల్లో సీసాలు నిలబెట్టాడు. బల్ల వెనక ఎత్తు స్టూలొకటి వేసుకుని ముందుగదిని డెక్కు అనడం మొదలుపెట్టాడు. వంటిల్లు, ఓడ భాషలో, గ్యాలీ అయింది. మేడ లేని ఇంట్లో, వంటింట్లో ఉన్న భార్యని “కింద ఎవరున్నారు?” అని పిలిచేవాడు.

“పైన ఉన్నవాడికి కళ్ళు లేవా?” అనేది ఆమె.

మిషను నడవలోకి, స్నానాలగది తలుపు పక్కకి వచ్చింది. గుడ్డ కత్తిరించడం మంచం మీద. పరుపు మీద గుడ్డ నిలవదు, కత్తెర జారుతుంది. ఎన్నో ఏళ్ళుగా ఆమె చేతి కర్టెన్లే వేసుకుంటున్న ఆసుపత్రి వాళ్ళు కిందటి నెల రెండు తిప్పి పంపించారు. అంచులు కలవలేదట. అవి తెచ్చిన మనిషి, “అక్కా, చేతులు వణుకుతున్నాయా? కళ్ళద్దాలు మార్పించుకో,” అన్నాడు మంచిమాటలాగే. ఆమె ఆ కర్టెన్లని మంచం మీద పరిచి చాలాసేపు చూసింది. చేతులకేం కాలేదు, కళ్ళకేం కాలేదు.

ఆ సాయంత్రమే అడిగింది, బల్ల తనకిచ్చెయ్యమని. “నువ్వు కుడితే గానీ గడవని ఇల్లా ఇది?” అన్నాడతను, గ్లాసు వెలుతురుకి పట్టి తుడుస్తూ. అప్పట్నించి ఇద్దరి మధ్యా సూటిగా మాట లేదు. అంతా దెప్పుడే.

ఇవాళ వస్తున్న మనిషి ఒకప్పుడు ఓడలో అతనికి పైఅధికారి. పెద్దసారు అంటారు. ఇప్పుడు ఊళ్ళో ఒక క్లబ్బు నడుపుతున్నాడు. అక్కడి బారు చూసుకోడానికి ఒక మనిషి కావాలి. “మీ ఇంటికే వస్తాను. ఓడలో ఇచ్చేవాడివే, ఆ రమ్ము హైబాల్, అదొకటి కలిపియ్యి. చెయ్యి అలాగే ఉందో లేదో చూస్తా,” అన్నాడట. చెయ్యి అలాగే ఉంటే ఓడాయన ఇక ఎప్పటికీ ఇంట్లోనే. లేకపోతే మళ్ళీ ఓడే, కంపెనీ వాళ్ళు రమ్మంటూనే ఉన్నారు. పొద్దుట్నించి ఆమె ఐసు కొడుతూ, నిమ్మకాయలు పిండుతూ ఒకటే కోరుకుంటోంది, అతని చెయ్యి తప్పాలని. కోరుకోవడం వరకే. తప్పించడానికి తనేమీ చెయ్యదు. ఒకరి పని చెడగొట్టడం ఆమెకి చేతకాదు.

పెద్దసారు వచ్చాడు. లావుపాటి మనిషి, నవ్వు ముఖం. ముసలావిడకి నమస్కారం పెట్టి, ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాడు. ఆమె మంచినీళ్ళిచ్చి వంటింట్లోకి వచ్చేసింది. గోడ అవతల మాటలు వినిపిస్తున్నాయి.

“గ్లాసు పొడుగ్గా ఉండాలి సార్. ఐసు అంచు దాకా. కొంచెం వేసుకుంటే తొందరగా కరిగిపోయి నీళ్ళ రుచి వస్తుంది, నిండా వేస్తే కరగదు. ముందు ఐసునే చెంచాతో తిప్పి గ్లాసుని చల్లబరచాలి. కరిగిన నీళ్ళు పారబొయ్యాలి. ఈ ఒక్కటి ఎవడూ చెయ్యడు సార్.”

“మా క్లబ్బులో ఉన్నవాడు గ్లాసే సరిగ్గా కడగడు.”

“మీ క్లబ్బుకి నేనొస్తున్నాగా.” నవ్వు. తర్వాత గొంతు మారింది. “కింద ఎవరు? నిమ్మరసం, సోడా పట్రా.”

ఆమె నిమ్మరసం గిన్నె చేతిలోకి తీసుకుని ఆగింది.

ఆ ఇంట్లో గ్యాసు నీళ్ళ సీసాని ఎవరూ సోడా అనరు. ఓడాయన దాన్ని ఓడ అలవాటుతో, క్లబ్ సోడాని కురచ చేసి ‘క్లబ్బు’ అంటాడు. “క్లబ్బు పట్రా” అంటే ఫ్రిజ్‌లో సీసా. నెలల తరబడి అదే మాట. తాగనివాళ్ళ ఇల్లది, అతను రాకముందు అలాంటి సీసా ఆ గుమ్మం తొక్కలేదు. సోడా అంటే అరలో చిన్న డబ్బాలో ఉండే తెల్లటి పొడి, వంటసోడా. ఇవాళ ఎదురుగా ఉన్నది క్లబ్బు నడిపే మనిషి కాబట్టి, మాట తికమకవుతుందని అతను జాగ్రత్తగా సోడా అన్నాడు. ఆ సంగతి ఆమెకి తట్టలేదు. ఆమెకి తట్టింది వేరే. గ్లాసు అంచుకి ఉప్పు రాసే మనిషి, ఒకసారి కోడిగుడ్డు తెల్లసొన పోసి గిలక్కొట్టి తాగిన మనిషి, వంటసోడా వెయ్యడా? చిన్న గిన్నెలో రెండు చెంచాల పొడి వేసి, పక్కన చెంచా పెట్టి, పళ్ళెంలో పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టింది.

ఓడాయన ఆమె వైపు చూడలేదు. గ్లాసులో ఐసు మీద రమ్ము పోసి ఉంది. దాని మీద నిమ్మరసం పోశాడు. తెల్ల పొడి గిన్నె కంటబడింది. ముఖం విప్పారింది.

“చూశారా సార్? మీకు చెంచాడు చక్కెర అలవాటు. ఇన్నేళ్ళయినా నేను మర్చిపోలేదు. పొద్దున్నే చెప్పి ఉంచాను మా ఆవిడకి, మెత్తగా పొడి చేసి పెట్టమని.”

అతను తనకేమీ చెప్పలేదు. అది ఆమెకి తెలుసు. అది చక్కెర కాదని కూడా తెలుసు. నోరు తెరిచేలోపే అతను నిండు చెంచా గ్లాసులోకి వంచేశాడు.

గ్లాసు బుసకొట్టింది. తెల్లటి నురగ ఐసు ముక్కల సందుల్లోంచి పైకి తన్నుకొచ్చి, అంచు దాటి, అతని వేళ్ళ మీదుగా వార్నిష్ బల్ల మీదికి పారింది. పెద్దసారు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. నురగ అణిగాక మర్యాద కోసం గ్లాసందుకుని ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాడు.

“ఉప్పగా... సబ్బులా ఉందయ్యా.”

ఓడాయన గిన్నెలో వేలు ముంచి నాకి చూశాడు. ఆమె వైపు తిరిగాడు.

“కావాలని చేసింది సార్ ఇది. నాకీ ఉద్యోగం రాకూడదని చేసింది. పొద్దుట్నించి ఏడుస్తూనే ఉంది.”

“పొద్దున్నే చెప్పి ఉంచానన్నారుగా,” అంది ఆమె. “ఏం చెప్పి ఉంచారో అదే తెచ్చాను.”

“నోర్ముయ్.”

నడవలోంచి ముసలావిడ గొంతు వచ్చింది. “ఒరేయ్, నువ్వు సోడా అన్నావు. నేనూ విన్నాను. సీసా కావాలంటే క్లబ్బు అని అరుస్తావుగా రోజూ, ఇవాళ ఆ మాటకేం తెగులొచ్చింది? ఇంట్లో సోడా అంటే ఆ పొడే.”

పెద్దసారుకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కడుపు పట్టుకుని నవ్వాడు. ఫ్రిజ్‌లోంచి సీసా తెప్పించాడు. “ఇంకోటి కలుపు. ఈసారి చెంచా ముట్టుకునే ముందు కళ్ళు తెరువు.”

ఓడాయన కొత్త గ్లాసు తీశాడు. ఐసు నింపి, తిప్పి, నీళ్ళు ఒంపేసి, రమ్ము పోసి, నిమ్మరసం పోసి, సీసాలోంచి నీళ్ళని చెంచా వెన్ను మీదుగా గ్లాసు గోడకి జార్చాడు. చెంచాని అడుగు దాకా దించి ఒక్కసారి పైకి లేపాడు. చెయ్యి తప్పలేదు. గుమ్మంలో నిలబడి ఆమె చూసింది. బాగా చేశాడు, కాదనడానికి లేదు.

పెద్దసారు సగం గ్లాసు నిదానంగా తాగాడు. “ఇదీ. చెయ్యి అలాగే ఉంది. వచ్చే నెల నుంచి వచ్చెయ్.” గ్లాసు దించి ఆమె వైపు చూశాడు. “చూడు చెల్లెమ్మా, ఆయన ఏదో అన్నాడని మనసులో పెట్టుకోకు. పొరపాటు ఎవరికైనా వస్తుంది. ఇక మీ ఆయన ఇంటిపట్టునే ఉంటాడు. సంతోషమేగా?”

ఓడాయన తడిగుడ్డతో బల్ల తుడుస్తున్నాడు. “సంతోషం కాకేం సార్. ఇక ఆ మిషను కూడా ఎవరికైనా ఇచ్చేస్తాం. నడవలో అడ్డం. ఎలాగూ తిప్పి పంపించే పనే కదా అది. ఖాళీగా ఉంటుంది, కూర్చోబెట్టి నేర్పిస్తాను, ఏది సోడానో, ఏది క్లబ్బో.”

నడవలో కత్తెర చప్పుడు ఆగింది.

తిప్పి పంపించే పని. ఆ మాట అతను ఎంత తేలిగ్గా అన్నాడంటే, బల్ల తుడిచే చెయ్యి కూడా ఆగలేదు. పొరపాటే జరిగిందని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నారు. అది నిజం కూడా. కానీ ఆ పొరపాటు చాటున దాక్కోవాలని ఆమెకి అనిపించలేదు. ఆమె గుమ్మంలోంచి లోపలికి వచ్చి, పెద్దసారు కుర్చీ ఎదురుగా నిలబడింది.

“పొరపాటు కాదన్నయ్యగారూ. ఆయన చెప్పినట్టు కావాలనే చేశానని రాసుకోండి. మీ క్లబ్బులో పడుకోడానికి గది ఉంటే ఆ ఉద్యోగం ఆయనకివ్వండి. గది లేకపోతే ఓడకే పంపించండి. సాయంత్రంలోపు ఆయన సామాను కట్టేస్తాను.”