తీగ మీది పొత్తిగుడ్డలు

మా అక్క పొద్దు వాలకముందే తీగ మీది బట్టలు తీసేస్తుంది. ఆరినా సరే, ఆరకపోయినా సరే. ఇంట్లో పసిపిల్లలెవరూ లేరు. తీసేవన్నీ బావ లుంగీలూ తన చీరలూ. "తడిబట్టలు మడతపెడితే కంపు కొడతాయే" అని ఒకప్పుడు విసుక్కునేదాన్ని. వినేది కాదు.

తొంభైల చివర్లో అక్క తొలికాన్పుకి సత్తెనపల్లి పక్కనున్న మా ఊరొచ్చింది. కాన్పు కష్టమైంది. పుట్టగానే బిడ్డ ఏడవలేదు. అరికాళ్లు తట్టీ తట్టీ ఎలాగో ఏడిపించారు. మగపిల్లాడు. అవి మిరపకోతల రోజులు. అమ్మా నేనూ కళ్లంలో ఎండుకాయల్లోంచి తాలుకాయలు ఏరే పనికి పోయేవాళ్లం. కాన్పైన రెండోరోజు సాయంత్రం ఇంట్లో అక్క ఒక్కతే ఉంది. పిల్లాణ్ణి నిద్రపుచ్చుతూ తనూ కునుకు తీసింది. ఉతికి ఆరేసిన పొత్తిగుడ్డలు చీకటిపడేదాకా తీగ మీదే ఉండిపోయాయి. మనవణ్ణి చూడడానికి వాళ్లత్త సరిగ్గా అప్పుడే వచ్చింది.

చీకటివేళ పసిబిడ్డ గుడ్డలు బయట ఉంటే పైన ఎగిరే పక్షి నీడ వాటి మీద పడుతుందనీ, ఆ గుడ్డ చుట్టిన బిడ్డకి పక్షిదోషం తగిలి ఫిట్స్ వస్తాయనీ మా వైపు అందరూ అంటారు. మేం తాతల నాడే బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్లం. దిష్టీ దెయ్యం అన్నీ వదిలేశామని గొప్పగా చెప్పుకుంటాం. పక్షి మాత్రం మాతోపాటే చర్చిలోకొచ్చి కూర్చుంది.

మర్నాడు పొద్దున పిల్లాడు పాలు తాగుతున్నవాడల్లా ఆగిపోయి, కళ్లు ఒక పక్కకి తిప్పేశాడు. ఎడంచెయ్యి ఆగి ఆగి కొట్టుకోసాగింది. నేను గట్టిగా పట్టుకున్నా నా చేతిలోనే కొట్టుకుంది.

"నిన్న గుడ్డలు తియ్యలేదుగా. ఇప్పుడు చూడు," అంది వాళ్లత్త.

ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కారు మాట్లాడుకుని గుంటూరు తీసుకెళ్లాం. ఆస్పత్రిలో ఫిట్స్ మందు ఎక్కించారు. కాసేపటికి చెయ్యి ఆగింది. "స్తోత్రం ప్రభువా" అని అమ్మ అక్కడే మోకాళ్ల మీద కూలబడింది. నర్సు జాలిపడి బిడ్డను అక్క ఒళ్లో పెట్టింది. అక్క సాయంత్రం దాకా కదలకుండా కూర్చుంది. "చూడవే, ఎంత హాయిగా పడుకున్నాడో," అంది నాతో. అంత సంతోషంగా ఆమెను మళ్లీ చూడలేదు. ఆదివారం రాకముందే పిల్లాడు పోయాడు. అప్పటికింకా పేరు కూడా పెట్టలేదు. తర్వాత అక్కకి పిల్లలు కలగలేదు.

నేను ఫిజియాలజీలో చేరింది ఆ పిల్లాడి కోసమేం కాదు. సీటొచ్చింది, చేరాను. రెండు వేల దశకం సగం దాటాక, ఒకరోజు క్లాసులో నాడీకణాల్లోని క్లోరైడు గురించి చెప్పారు. ఉప్పులో సగం అదే. మెదడు కణాన్ని శాంతపరిచే గాబా అనే పదార్థం ఒకటుంది. అది వచ్చి కణానికున్న ఒక తలుపు తెరుస్తుంది. పెద్దవాళ్లలో క్లోరైడును ఎప్పటికప్పుడు బయటికి తోడే ప్రోటీను ఉంటుంది కాబట్టి కణం లోపల అది తక్కువ. తలుపు తెరవగానే బయటి క్లోరైడు లోపలికొస్తుంది, కణం సద్దుమణుగుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో ఆ తోడేది ఇంకా కుదురుకోదు. లోపలికి మోసుకొచ్చే ప్రోటీనుదే పైచెయ్యి. అదే తలుపు తెరిస్తే క్లోరైడు బయటికి పోయి కణం ఇంకా రేగొచ్చు. పెద్దవాళ్లలో కూడా కొన్ని మూర్ఛల్లో తోడే ప్రోటీను తగ్గి, కణాలు మళ్లీ పసితనంలోకి జారిపోతాయట.

ఫిట్స్‌కి ముందుగా ఇచ్చే మందు పనిచేసేది ఆ తలుపు మీదే. ఇందులో డాక్టర్ల తప్పేం లేదు. ఆ మందుతో తేరుకున్న బిడ్డలు ఎందరో ఉన్నారు. కానీ మెదడు లోపలి భాగాలకంటే పైపొర ఆలస్యంగా ఎదుగుతుంది కాబట్టి, మందు పడ్డాక లోపలి భాగాలు నెమ్మదించి చేతులు ఆగిపోయినా పైపొరలో మూర్ఛ నడుస్తూనే ఉండొచ్చని చెప్పారు. నాకు అక్క ఒడి కనిపించింది. ఆ తర్వాత క్లాసులో చెప్పిందేదీ నా చెవికెక్కలేదు.

సగమే చెప్పాలనుకుని అక్క ఇంటికి వెళ్లాను. పచ్చడికని పండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. పక్కన గిన్నెలో కళ్లుప్పు. నేనూ కూర్చుని తొడిమలు తీస్తూ చెప్పాను. "పుట్టినప్పుడు ఊపిరందక మెదడు దెబ్బతింది. అందుకే ఫిట్స్ వచ్చాయి. పక్షీ లేదు, గుడ్డలూ లేవు. నీ తప్పేం లేదక్కా." ఆ వయసు పిల్లల మెదడు ఎందుకంత తేలిగ్గా రేగుతుందో, ఉప్పు గిన్నె చూపించి, వచ్చినంతలో వివరించాను.

అక్క శ్రద్ధగా వింది. చదువుకోకపోయినా చురుకైనది.

"ఊరుకోబెట్టేదే రేపుతుందంటున్నావు. మరి మందెయ్యగానే చెయ్యి ఎట్లా ఆగిందే?"

నేను తల దించుకుని ఇంకో కాయ అందుకున్నాను. చెప్పకపోవడమే చెప్పినట్టయింది. అక్క చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"అయితే నా ఒళ్లో వాడు పడుకోలేదా?"

"తెలీదక్కా. నిజంగానే పడుకుని ఉండొచ్చు. మనకి తెలీదు," అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

అక్క లేచి చేతులు కడుక్కుని పెరట్లోకి నడిచింది. ఇంకా ఎండ ఉంది. తీగ మీది చీరల్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఒక్కొక్కటీ తీసి భుజాన వేసుకోసాగింది.

"ఆ పక్షినే ఉండనియ్యవే," అంది నా వైపు చూడకుండా. "గుడ్డలు తియ్యనిదాన్ని నేనే. అది మొయ్యగలను. వాడు మాత్రం నా ఒళ్లో పడుకున్నాడు."

నేను తీగ అవతలి కొసకి వెళ్లి, తడిబట్టలు తీయడం మొదలుపెట్టాను.