సూది వేయని మగ చేప

ఈ రోజు బచ్చన్నపేట దగ్గర నేను పాస్టరుగా ఉన్న సంఘంలోని సమ్మయ్య చేపపిల్లల కేంద్రంలో ప్రార్థనకు వెళ్లాను. అతను మగ చేపలకు హార్మోన్ సూదులు వేస్తుంటే కోపం వచ్చింది.

“ఫలించుమని చేపలకు దేవుడే చెప్పిండు. నడుమ నీ సూది ఏంది సమ్మయ్యా?”

“చెరువుల కొత్తనీళ్లు పారితే కాలమొచ్చిందని ఆటికే తెలుస్తది అయ్యగారు. గీ తొట్ల ఎవలు చెప్పాలె?”

బైబిలు తెరిచి తగిన వాక్యం కోసం వెతకసాగాను. పొట్ట నొక్కినా పాలలాంటి తెల్లటి వీర్యం రాని ఒక మగ చేపను అతను పక్క తొట్టిలో వేశాడు.

“దీనికి సూది దండుగ.”

గ్రంథం మూసి ఆ చేపను చూడటానికి పక్క తొట్టి దగ్గరికి వెళ్లాను.

భార్య పోయిన ఈ నాలుగేళ్లలో మళ్లీ పెళ్లి చేసుకోమన్న వాళ్లందరినీ వేదిక మీదనుంచే గద్దించాను. ఇప్పుడు ఒక్కడికే అన్నం వండుకుని ఇది రాస్తున్నాను. ఎవరైనా మరోసారి అడిగి చూడండి, కోప్పడను.