ఓబన్న ఇంట్లో ఆగిన బొమ్మ

బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ప్రొద్దుటూరులో ఇళ్లకు ఇంటర్నెట్ పెట్టే పని నాది. టీవీలో బొమ్మ ఆగి సున్నా తిరుగుతోందంటే వైరైనా మార్చాలి, వైఫై పెట్టెనైనా జరపాలి. అంతకుమించి మంత్రం లేదు.

ఓట్ల లెక్కింపు రోజు జమ్మలమడుగు పక్క పల్లె నుంచి ఓబన్న పిలిపించాడు. ఆయనదొక పార్టీ, మాదొక పార్టీ. ఫ్యాక్షన్ రోజుల్లో కట్టిన ఇల్లు. మూరెడు మందం రాతిగోడలు, వీధివైపు కిటికీయే లేదు. నేను లోపలికి పోగానే గేటుకు తాళం పడింది.

వైఫై పెట్టె లోపలి గదిలో, టీవీ హాల్లో. మధ్యలో ఒక్కటే ద్వారం. ఆ ద్వారంలో గేటుకు ఎదురుగా ఒక చెక్క కుర్చీ. అది ఓబన్న వాళ్ల పెద్దన్న కుర్చీ. గేటుకు వీపు పెట్టి ఎన్నడూ కూర్చోని ఆ మనిషిని పులివెందుల దారిలో చంపేశారు. అప్పటినుంచి ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు, దాన్ని ఎవరూ కదిలించరు.

టీవీలో ఓబన్న పార్టీ అభ్యర్థి ముందున్నాడని చెప్పేంతలో బొమ్మ ఆగింది.

"ఏమప్పా, మావోడు గెలుస్తాంటే నీకు చేతులు ఆడ్తా లేవా?"

"పెట్టెను హాల్లోకి తెస్తానన్నా. గోడకు బెజ్జం కొట్టాల."

"మా గోడకు కొడితే నీకూ కొడతా. టీవీ ఆడేదాకా గేటు తీయరు."

వైరు మార్చాను. పెట్టె ఆపి మళ్లీ వేశాను. ఫోనులో చూస్తే లోపలి గదిలో నిండుగా ఉన్న సిగ్నల్ కుర్చీ దాటగానే పడిపోతోంది. రాతిలోంచి రాదు, ద్వారంలోంచే రావాలి. మనిషి అడ్డముంటే తగ్గుతుంది. కానీ కుర్చీ ఖాళీ.

"కుర్చీ జరపొచ్చా అన్నా?"

"దాన్ని తాకితే చెయ్యుండదు," అన్నాడు ఓబన్న. ఆయన మనుషులిద్దరు లేచి నిలబడ్డారు.

కుర్చీవైపు తిరిగి అన్నాను.

"పెద్దన్నా, రోంత పక్కకు జరుగు. నీ తమ్ముడు నన్ను ఇంటికి పంపేట్టు లేడు."

ఎవరూ నవ్వలేదు. బొమ్మ కదిలింది. మళ్లీ ఆగలేదు. వాళ్లోడు ఓడిపోవడం కూడా శుభ్రంగా కనబడింది. ఓబన్న టీవీ చూడలేదు, కుర్చీనే చూస్తూ గేటు తీయమన్నాడు.

అది ఎట్లా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. బైబిలు మీద చెయ్యి పెట్టాను కాబట్టి ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క. కుర్చీ ఖాళీ అన్నాను చూడండి, అది.