మట్టం మేస్త్రి ఇంట్లో వాలు

ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఊరందరికీ ఆయన మట్టం మేస్త్రి. ఇళ్ళకి టైల్స్ పరుస్తాడు. చొక్కా జేబులో కలం ఉన్నా లేకపోయినా నేల సమంగా ఉందో లేదో చూసే చిన్న రసమట్టం మాత్రం ఉండి తీరుతుంది. ఎవరింటికి భోజనానికి పిలిచినా ముందు వాళ్ళ నేల చూస్తాడు, ఆ తర్వాతే కంచం. ఒకసారి కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు ముచ్చటపడి పిలిస్తే, హాలు మధ్యలో గొంతుక్కూర్చుని, గాలిబుడగ వంక చూసి, "మీ ఇంట్లో గోళీ జారిపడితే వీధిలోకెళ్ళి వెతుక్కోవాలండీ" అన్నాడు. వాళ్ళు మళ్ళీ పిలవలేదు. పిలవకపోవడమే మంచిదనుకున్నాడాయన. ఆ నేల మీద కూర్చుంటే ముద్ద దిగదట!

ఆయనకి బద్ధశత్రువు సొంత చుట్టాల్లోనే ఉన్నాడు. భార్య తమ్ముడు, కుళాయిలూ గొట్టాలూ బిగించే పనివాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో పనికి కుదిరారంటే ఆ ఇంటివాళ్ళకి వేరే వినోదం అక్కర్లేదు. స్నానాల గది దగ్గర మొదలయ్యేది గొడవ. "బావా, నీరు పల్లమెరుగు అన్నారు గానీ మట్టమెరుగు అన్లేదు. కాస్త వాలు ఇవ్వు" అనేవాడు బావమరిది. మేస్త్రి పళ్ళు నూరుతూ, చేదుమందు మింగినట్టు మొహం పెట్టి, గొట్టం వైపుకి కంటికి ఆనీ ఆనని వాలు ఇచ్చేవాడు. అంతకుమించి వాలు ఆయన చేతి మీదుగా వెళ్ళలేదు.

అలాంటి మనిషికి లేకలేక పుట్టిన కూతురు నేల మీద పాదం ఆనించకుండా నడిచింది.

అందరూ ఆ పిల్లని పిట్ట అంటారు. వేళకే నిలబడింది, వేళకే అడుగులేసింది, కానీ మునివేళ్ళ మీద. మడమలు ఎప్పుడూ గాల్లోనే. మొదట్లో ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. "నా మనవరాలు పాదం కందకుండా నడుస్తోందిరా, మహారాణి నడక" అనేది మేస్త్రి తల్లి. ఏళ్ళు గడిచినా మహారాణి కిందికి దిగలేదు. మాటలు కూడా రావలసినన్ని రాలేదు. గిన్నె మూతలు గిర్రున తిప్పుతూ గంటలు గంటలు కూర్చునేది, పిలిస్తే పలికేది కాదు, మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కింద దూరేది. పెద్దాసుపత్రిలో చూసి ఆటిజం అన్నారు. మునివేళ్ళ నడక సంగతి అడిగితే, "ఇలాంటి పిల్లల్లో చాలామంది అలా నడుస్తారండీ. ఎందుకో కచ్చితంగా ఎవరికీ తెలీదు. కొందరికి నేల తగలడం మనకి తగిలినట్టు ఉండకపోవచ్చు" అన్నారు.

అంత పెద్ద మాటలో మేస్త్రి చెవిన పడింది ఒకటే ముక్క. నేల.

ఇంకేముంది, రోగం దొరికిందనుకున్నాడు. వైద్యం తన చేతిలోనే ఉంది. టైల్ మరీ చల్లగా ఉంది, మరీ నున్నగా ఉంది, అందుకే పిల్ల పాదం ఆనించడం లేదు! ఆదివారం వస్తే చాలు, తాపీ పట్టుకుని సొంతింటి మీద పడేవాడు. పడకగదిలో గరుకు టైల్స్ వేశాడు. వంటగదిలో ఎర్రమట్టి పెంకులు పరిచాడు. నడవాలో చెక్క పలకలు వేశాడు. పెరటి గుమ్మం దగ్గర గులకరాళ్ళు పొదిగాడు, వాటి మీద నడిచి ఆయన తల్లి శాపనార్థాలు పెట్టింది. ఇల్లు కాస్తా టైల్స్ కొట్టువాడి నమూనాల బల్లలా తయారైంది. పిట్ట మాత్రం గరుకు మీదా, చెక్క మీదా, రాళ్ళ మీదా ఒకే తీరుగా మునివేళ్ళ మీద తుర్రుమని వెళ్ళిపోయేది. ముందుగది ఒక్కటే ఆయన ముట్టుకోలేదు. పెళ్ళైన కొత్తలో వేసిన నేల అది, అద్దంలాంటి మట్టం. అక్కడ రసమట్టం పెడితే గాలిబుడగ సరిగ్గా నడిమధ్య నిలబడి కదిలేది కాదు. పని ఇచ్చేవాళ్ళు వస్తే ఆ గది చూపించేవాడు. ఇంకేం మాట్లాడక్కర్లేకపోయేది.

పిట్టకి ఏడో ఏడు వచ్చాక వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ పిల్ల పాదాన్ని అరచేతిలో పట్టుకుని మెల్లగా పైకి వంచి చూసింది. పాదం సగం దూరం వచ్చి ఆగిపోయింది.

"పిక్క కండరం బిగుసుకుంటోంది. ఇన్నేళ్ళూ మడమ దించలేదు కదా, పొట్టిగా అయిపోతోంది" అందావిడ. "రోజూ సాగదీయాలి. వేసవి అయ్యేలోపు సాగకపోతే మాత్రం కొన్ని వారాలు రెండు కాళ్ళకీ కట్టు వేసి ఉంచాల్సి రావచ్చు."

మేస్త్రి భార్య మొహం పాలిపోయింది. పిట్టకి మేజోడు తొడగాలంటేనే ఇంట్లో యుద్ధం. కాళ్ళకి ఏది తగిలినా పీకి పారేసి, ఊపిరి ఆడనంతగా ఏడుస్తుంది. అలాంటిది రెండు కాళ్ళకీ వారాల తరబడి పిండికట్టు! ఎందుకు వేశారో చెప్పినా అర్థమవుతుందో లేదో తెలియని పిల్లకి!

"నేల మార్చేశానండీ. నాలుగు రకాలు వేశాను" అన్నాడు మేస్త్రి, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

డాక్టరమ్మ నవ్వింది. వెక్కిరింపు నవ్వు కాదు. "నేల తప్పేం లేదండీ. పాపం దాన్ని వదిలెయ్యండి" అని, చేయించాల్సినవి చెప్పింది. కాళ్ళు పట్టి సాగదీయడం, గొంతుక్కూర్చోబెట్టి ఆడించడం, ఎత్తు ఎక్కించడం. "వాలుగా ఉన్నచోట ఎత్తువైపు తిరిగి నడిచినా, నిలబడినా పిక్క సాగుతుంది. పార్కులో చిన్న దిబ్బ ఉన్నా చాలు."

పార్కులో దిబ్బ ఉంది. పిట్ట చెప్పులు వేసుకోదు, గడ్డి ముట్టుకోదు. దిబ్బ కింద నిలబడి అది పెట్టిన కేకకి పార్కులో పావురాలన్నీ లేచిపోయాయి. ఇంట్లో కాళ్ళు పట్టి సాగదీయబోతే తన్నులు. మేస్త్రికి గడ్డం మీద ఒకటి, ముక్కు మీద ఒకటి తగిలాయి. వేసవి దగ్గర పడుతోంది.

అప్పుడు భార్య అంది, "ముందుగదిలో వాలు వెయ్యండి."

మేస్త్రి తాపీకి అంటిన సిమెంటు గీకుతూ కూర్చున్నాడు.

"మిమ్మల్నే."

"నా ఇంట్లోనా? వాలా?"

"మనింట్లోనే. మీ చేత కాకపోతే చెప్పండి, మా తమ్ముడి చేత వేయించుకుంటాను."

ఆ ఒక్క మాటతో పని అయిపోయింది. మర్నాడే సుత్తీ ఉలీ తీశాడు. మొదటి టైల్ మీద దెబ్బ వేసేముందు రసమట్టం ఒకసారి దాని మీద పెట్టి చూసుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి, ఆ సంగతి ఒప్పుకోడు గానీ. తల్లి తలుపు దగ్గర నిలబడి, "ఏరా, నీ మతేమన్నా పోయిందా?" అంది. బావమరిది ఏకంగా సెలవు పెట్టి వచ్చాడు. "బావా, నేను గొట్టాలు బిగించిన ఇన్నేళ్ళలో ఇలాంటి రోజొకటి వస్తుందనుకోలేదు" అంటూ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి తనే లేచి చొక్కా విప్పి సిమెంటు కలిపాడు.

వాలు వీధివైపు కిటికీ దగ్గర ఎత్తుగా ఉండేలా వేశారు. దానికో కారణం ఉంది. ఎదురుగా లాండ్రీ. మేస్త్రి భార్య అక్కడే పని చేస్తుంది. అద్దం వెనక బట్టలు ఉతికే పెద్ద పెద్ద యంత్రాలు గిరగిరా తిరుగుతుంటాయి, పిట్టకి అవి పంచప్రాణాలు. "నేను అక్కణ్ణించి రోజూ చెయ్యి ఊపుతాను. అది నా వంక చూస్తే ఒట్టు. దాని కళ్ళన్నీ ఆ డ్రమ్ముల మీదే" అనేది తల్లి, కోపమూ మురిపెమూ కలిపి.

మొదటి వాలు కుదరలేదు. మట్టం తప్ప ఎరగని చెయ్యి కదా, ఇచ్చేటప్పుడు ఎంత ఇవ్వాలో తెలియక ఉదారంగా ఇచ్చేశాడు. పిట్ట నిచ్చెనెక్కే కోడిలా మునివేళ్ళ మీదే టకటకా ఎక్కి, కిటికీ పట్టుకుని వేలాడింది. ఫోన్లో తీసిన వీడియో చూసి డాక్టరమ్మ, "ఇది వాలు కాదండీ, జారుడుబల్ల. బాగా తగ్గించండి" అంది. బావమరిది పడీపడీ నవ్వాడు. మేస్త్రి మళ్ళీ పగలగొట్టాడు. వేసిన పని పగలగొట్టి మళ్ళీ వేయడం ఆయన వృత్తిలోకెల్లా పెద్ద అవమానం. ఆ అవమానం సొంతింట్లో, సొంత బావమరిది ఎదుట పడ్డాడు.

రెండోది కుదిరింది. పిట్ట పైకి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి డ్రమ్ములు చూసేది. మడమలు మొదట గాల్లోనే ఉండేవి. చూడగా చూడగా, డ్రమ్ములు తిరగ్గా తిరగ్గా, ఒళ్ళు సడలి మడమలు మెల్లమెల్లగా దిగేవి. మేస్త్రి నేల మీద బోర్లా పడుకుని, చెంప టైల్‌కి ఆనించి, పిల్ల మడమకీ నేలకీ మధ్య సందు చూసేవాడు. టైల్స్ మధ్య పెట్టే ప్లాస్టిక్ ముక్కలు తెచ్చి ఆ సందులో పడతాయేమో అని కొలిచేవాడు కూడా. "అది పిల్లండీ, టైల్ కాదు" అని కసిరేది భార్య. ఆయన వినేవాడు కాదు. పనిలో ఉన్నా అదే ధ్యాస. ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే వంగి కూతురి పాదాలు చూసేవాడు. అది నిద్రపోతున్నా దుప్పటి ఎత్తి పాదాలే చూసేవాడు. కలలో కూడా ఆయనకి మడమలే కనిపించేవని భార్య అక్కచెల్లెళ్ళతో చెప్పుకుంది.

ఇల్లు ఆ వాలుకి అలవాటు పడింది. ఉల్లిపాయ చెయ్యి జారితే దొర్లుకుంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్ళేది. వచ్చినవాళ్ళు కూర్చున్న చోటు నుంచి తెలియకుండానే గోడవైపు జరిగిపోయేవాళ్ళు. మేస్త్రి తల్లి కుర్చీ కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టుకుని, "ఈ వయసులో పడవెక్కాను" అనేది. ఒకరోజు మేడ కడుతున్న పెద్దమనిషి పని మాట్లాడదామని వచ్చి, ముందుగది చూసి గుడ్లు తేలేశాడు. "ఇదేనటయ్యా నీ మట్టం?"

"మట్టంగా ఎవడైనా వేస్తాడండీ" అన్నాడు మట్టం మేస్త్రి, మీసం దువ్వుకుంటూ. "ఇలా వెయ్యమనండి చూద్దాం!"

వంటింట్లోంచి భార్య నవ్వు వీధి దాకా వినబడింది.

వేసవి అయిపోయింది. చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. ఆసుపత్రి వసారాలో నేల అక్కడక్కడా కుంగి ఉంది. మేస్త్రి దాని వంక కూడా చూడలేదు. భార్య అది గమనించి, ఈయన ఎంత భయపడుతున్నాడో అప్పుడు తెలుసుకుని, చెయ్యి పట్టుకుంది. లోపల పిట్ట బల్ల మీద కూర్చుని చేతిలో మూత తిప్పుకుంటోంది. డాక్టరమ్మ పాదం పట్టుకుని పైకి వంచింది. వంచుతూనే ఉంది. ఈసారి సగంలో ఆగలేదు.

"బాగా సాగింది. కట్టు అక్కర్లేదు."

తల్లి గోడవైపు తిరిగి ఏడ్చేసింది. మేస్త్రి ఇన్నాళ్ళూ దాచుకున్న ప్రశ్న అడిగాడు. "అయితే ఇక అందరిలా నడిచేస్తుందా అండీ?"

"నడవచ్చు, నడవకపోవచ్చు" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు మడమ దించగలదు. దించాలని తనకి అనిపించాలిగా. కాలు బిగుసుకోకూడదు, నొప్పి రాకూడదు, అదీ మనం చూసుకోవాల్సింది. వ్యాయామం ఆపకండి. వాలు ఉంచండి."

ఆవిడ మాట పూర్తవకముందే పిట్ట బల్ల మీంచి దూకి, వసారాలోకి తుర్రుమంది. మునివేళ్ళ మీద. మడమలు గాల్లో.

మేస్త్రి గుండె చివుక్కుమంది. ఇంత చేసీ, అద్దంలాంటి నేల పగలగొట్టీ, పిల్ల నడక పిల్లదే. కట్టు తప్పినందుకు సంతోషమే. అయినా లోపల ఎక్కడో ఉసూరుమని, తల వంచుకుని పిట్ట పాదాల వెనకే నడిచి బస్సెక్కాడు.

బస్సులో పిట్ట తల్లి పక్కన, ఆయన ఎదురు సీట్లో. సీటు ఎత్తుగా ఉండడంతో పిట్ట కాళ్ళు నేలకి అందలేదు. గాల్లో వేలాడుతూ ఊగుతున్నాయి. మునివేళ్ళూ ఆనడం లేదు, మడమలూ ఆనడం లేదు. చూడ్డానికి అక్కడ ఏమీ లేక, మేస్త్రి తలెత్తాడు.

పిట్ట కిటికీలోంచి పక్కన పోతున్న లారీ చక్రాలు చూసి నోరారా నవ్వుతోంది. ముందరి పాలపన్ను లేదు. ఆ ఖాళీలోంచి కొత్తది సగం పైకి వచ్చేసి, రంపపు అంచుతో మెరుస్తోంది.

"ఈ పన్నెప్పుడు ఊడింది?" అన్నాడు.

"ఎప్పుడో! మీరు రెండోసారి వాలు వేసిన కొత్తలో" అంది భార్య. "చెప్పాను కదండీ, పన్ను తెచ్చి చూపించాను కూడా. మీరు దాని మడమ కింద చూస్తూ 'ఊఁ' అన్నారు."

మేస్త్రి పిల్ల మొహం వంకే చూశాడు. కూతురి బుగ్గ మీద చిన్న నల్లమచ్చ ఒకటి ఉంది, అది ఎప్పుడు వచ్చిందో తెలియదు. జుట్టు చెవుల కిందికి పెరిగింది, అదీ తెలియదు. ముందుకి వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, "ఏదమ్మా, ఇంకోసారి నవ్వు" అన్నాడు. పిట్ట ఆయన వంక చూడలేదు, చక్రాల వంకే చూసింది. కాసేపటికి ఇంకో లారీ వచ్చింది, మళ్ళీ నవ్వింది. దిగాల్సిన చోటు వచ్చిందని భార్య మోచేత్తో పొడిచింది గానీ, మేస్త్రి లేవలేదు.