సేటు ఆంప్లిఫయరు, సుందర్‌రాజ్ చెవులు

గడచిరోలి వేరే జిల్లా అయిన ఏడాది చంద్రపూర్ కలెక్టరు కచేరీ నుంచి చాలామంది అటు బదిలీ అయ్యారు. వాళ్లలో బల్లార్‌పూర్ తెలుగు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పే గుమస్తా కూడా ఒకడు. అతని చోటు ఇక సుందర్‌రాజ్‌దేనని పాస్టరు సిలువయ్య అన్నాడు. ఆదివారానికల్లా జవాబు చెప్పమన్నాడు.

సుందర్‌రాజ్ కాగితం మిల్లులో మిషన్ మీద పనిచేస్తాడు. పగలంతా ఆ హోరులో మునిగినా, ఇంటికొచ్చాక గిన్నెలో బియ్యం పడే చప్పుడు కూడా పాటలాగే వింటాడని భార్య కస్తూరి నవ్వేది. ఈమధ్య అతనికే తన చెవుల మీద నమ్మకం పోయింది. కారణం అనంతరావు సేటు ఆంప్లిఫయరు.

సేటుకు చంద్రపూర్‌లో బట్టల దుకాణం. రికార్డు పాటను పెంచి వినిపించే, బొంబాయి నుంచి తెప్పించిన ఆ ఇంగ్లండు పెట్టె పేరు చెబితేనే పాటలంటే పడిచచ్చేవాళ్లు చేతులు జోడిస్తారు. ఆదివారం సాయంత్రాలు వాళ్లంతా సేటు ఇంట్లో చేరతారు. మొదటి పాటకు సుందర్‌రాజ్ లోపల తెల్లవారినట్టుండేది. మూడో పాటకు పొగమంచు దిగేది. చుట్టూ అందరూ "వాహ్" అంటుంటే తనూ అనేవాడు. అంత పేరున్న పెట్టె తప్పు పాడుతుందా? తప్పు తన చెవులదే. చెవులు పోయినవాడు పిల్లలకు స్వరం ఏం నేర్పుతాడు?

"ఒక్కసారి ఆ సేటునే అడుగరాదు?" అంది కస్తూరి.

"అందరు నవ్వుతరు."

"నవ్వనియ్యి. ఆ నవ్వు గూడ వినవడకపోతే అప్పుడు ఏడుద్దాం."

ఆ ఆదివారం మూడో పాట మధ్యలో అతను గొంతు పెగల్చుకున్నాడు. "సేటూ, పాట జర మసకైనట్టు లేదా?"

"ఏందయ్యా, చెవులు మిల్లుల మరిచొచ్చినవా?" అన్నాడు అనంతరావు. "దాని పేరేందో ఎరికేనా నీకు?"

గదంతా నవ్వింది. చాయ్ తెచ్చిన సేటు భార్య ప్రభావతి మాత్రం నవ్వలేదు.

"తమ్మి చెప్పింది నిజమే. వంటింట్ల నాకు గూడ గట్లనే వినవడ్తది. ఈయన పెట్టెను అనే ధైర్యం ఎవరికుంది?"

దుమ్ము పడకుండా రేడియో మీద కప్పినట్టే, ఆ పెట్టె మీదా ఆమె తన చేత్తో కుట్టిన నెమళ్ల గుడ్డ కప్పి ఉంచింది. సర్దబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అమ్మో, పెనం లెక్క కాలుతుంది! దీనికి ఊపిరాడ్తలేదు."

గుడ్డ తీసేశారు. చాయ్ తాగేదాకా పెట్టెను చల్లారనిచ్చి మళ్లీ పెట్టారు. మూడో పాట దాటింది, నాలుగోదీ దాటింది. పొగమంచు దిగలేదు. తబలా మీద వేలు, వేలి కింద తోలు, తోలు కింద నిశ్శబ్దం, అన్నీ విడివిడిగా మెరిశాయి. సుందర్‌రాజ్ కళ్లు చెమ్మగిల్లాయి. తన చెవులు ఎక్కడికీ పోలేదు.

"ఇప్పుడు చెప్పు. పేరుకు తగినదేనా?" సేటు గొంతు తగ్గింది.

"మంచిదే సేటూ, శానా మంచిది. పేరంత పెద్దది మాత్రం కాదు. బజార్ల దొరికే దేశీ పెట్టెకూ దీనికీ తేడా కూరల ఉప్పంత."

"ఉప్పంతనేనా!"

"ఉప్పంటే తక్కువా సేటూ?"

ఈసారి సేటు కూడా నవ్వాడు.

బల్లార్‌పూర్‌లో బస్సు దిగి సుందర్‌రాజ్ ఇంటికి పోలేదు. నేరుగా సిలువయ్య గడప తొక్కాడు. "పాస్టరుగారూ, రేపటి సంది పిల్లలను పంపుండ్రి" అన్నాడు.

మర్నాడు సాయంత్రం పిల్లలు పాట ఎత్తుకున్నారు. అతను కళ్లు మూసుకుని విన్నాడు. వెనక వరసలో సన్నటి గొంతు ఒకటి దారి తప్పుతోంది.

"గోడ పక్కనున్న బిడ్డా, నువ్వే. జర పైకి. భయపడకు, నేను వింటున్న."