బాగుందన్న మాట మీద అనుమానం

పోయిన నెలలో మెల్బోర్న్‌లో మేముండే పాయింట్ కుక్ పేట కమ్యూనిటీ హాల్లో తెలుగు పెద్దల సమావేశం ఉందంటే, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం కంటే నయం కదా అని నేనూ వెళ్ళాను. మనవాళ్ళ అమ్మాయే, ఇక్కడే పుట్టి ఇక్కడే డాక్టరు చదివిన పిల్ల, తెర మీద బొమ్మలు వేసి మెదడు జబ్బుల గురించి చెప్పింది. తెలుగు అర్థమవుతుందట గానీ నోరు విప్పితే ఇంగ్లీషే. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బులో, చెయ్యి వణకడానికి చాలా ఏళ్ళ ముందే ముక్కు వాసన పట్టడం మానేయవచ్చని ఆ పిల్ల అనగానే హాల్లో కలకలం రేగింది. నా పక్కనున్నావిడ టీ కప్పును ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చింది. ముందు వరసలోని పెద్దాయన భార్య కొంగు వాసన చూడబోయి చీవాట్లు తిన్నారు. "డోంట్ వర్రీ అంకుల్, ఇట్ కుడ్ జస్ట్ బీ ఎ కోల్డ్" అని ఆ పిల్ల సర్దిచెప్పింది. అందరితో పాటు నేనూ నవ్వాను గానీ, ఆ తర్వాత ఇచ్చిన టీ కూడా తాగకుండా ఇంటికి వచ్చేశాను.

ఆ సంగతి నేను మొదటిసారి విన్నది వై టూ కే రోజుల్లో. మీకూ గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడి విమానాలు కూలిపోతాయని, బ్యాంకుల్లో డబ్బు గల్లంతవుతుందని లోకమంతా బెంగపెట్టుకున్న కాలం. ఆ బెంగ పుణ్యమా అని మనవాళ్ళు దేశదేశాలకూ ఎగిరివెళ్ళారు. మా బావ కూడా అలాగే, పాతకాలపు ప్రోగ్రాములు తెలిసిన మనిషి కావడం వల్ల, అక్కను వెంటబెట్టుకుని మెల్బోర్న్ వచ్చి ఒక కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరారు, అక్క ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకు కప్పను కోసి చూపించే లెక్చరరుగా ఉన్న నేను, చదువు మీది మమకారం చావక, ముప్పై దాటిన వయసులో న్యూరోసైన్సులో పీజీ సీటు తెచ్చుకుని వాళ్ళింట్లో వచ్చిపడ్డాను. అమీర్‌పేటలో మూడు నెలలు కోర్సు చేసినవాడల్లా విమానం ఎక్కుతున్న రోజుల్లో, కంప్యూటరు వదిలిపెట్టి మెదడు చదువుతానన్న నన్ను చూసి జాలిపడని చుట్టం లేడు. బావ మాత్రం "మేము మిషన్లు బాగుచేస్తాం, మా డాక్టరమ్మ మనుషుల్ని బాగుచేస్తుంది" అని అందరి ముందూ వెనకేసుకొచ్చేవారు.

నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. పాలల్లో నీళ్ళు కలిశాయని పాలు చూడకముందే నమ్మే రకం. అలాంటిదాని చేతికి ఈ చదువు దొరికితే ఇక చెప్పేదేముంది! నా పరిశోధన చూసే ప్రొఫెసరమ్మ, మేము గైడు అని పిలుచుకునేవాళ్ళం, స్వయంగా మెదడు జబ్బుల డాక్టరు. క్లినిక్కులో రోగి కుర్చీలో కూర్చున్నాక పరీక్షించడం ఎవరికైనా వస్తుంది, తలుపు దగ్గర్నుంచి కుర్చీ దాకా వచ్చే నడకలోనే చూడగలగాలి అనేది ఆవిడ. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం, ముఖంలో నవ్వు తగ్గిపోయి బిగుసుకుపోవడం, చేతిరాత రానురాను చిన్నదైపోవడం, వాసనలు తెలియకపోవడం, ఇవన్నీ జబ్బు చడీచప్పుడు లేకుండా గుమ్మం దాటి లోపలికి వచ్చేసిందనడానికి గుర్తులు కావచ్చట. అంతే, ఆ రోజు నుంచి రైల్లో ఎదుట కూర్చున్న ప్రతి మనిషీ నాకు రోగిలాగే కనబడేవారు. నవ్వని టికెట్ కలెక్టరును చూసినా అనుమానమే, చెయ్యి జేబులో పెట్టుకుని నడిచే కుర్రాణ్ణి చూసినా అనుమానమే. అనుమానం పెనుభూతం అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఆ భూతం చివరికి మా బావ మీద వాలింది. రెండువేల సంవత్సరం జనవరి ఒకటో తేదీ వచ్చింది, విమానమూ కూలలేదు, బ్యాంకూ మునగలేదు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా బావ ముఖం మాత్రం ఆ తర్వాత నెలల్లో మెల్లమెల్లగా చెక్కబొమ్మలా తయారైంది. ఎంత హాస్యమాడినా పెదవి కదిలేది కాదు. సాయంత్రం రైలు దిగి ఇంటికి నడిచి వస్తుంటే కిటికీలోంచి చూసేదాన్ని, కుడిచెయ్యి ఊగేది, ఎడమచెయ్యి ఊగేది కాదు. ఆ చేతిలో బ్యాగు ఉంటుందన్న ఇంగితం కూడా నాకు లేకపోయింది.

వీటన్నిటికీ మించి నన్ను భయపెట్టింది ఆయన అన్నానికి వంక పెట్టడం మానేయడం. మా తెనాలి ఇంట్లో వంకలు లేని భోజనం ఎరగం. నాన్న పీట మీద కూర్చోగానే పప్పులో ఉప్పు తగ్గిందనో, తిరగమోత మాడిందనో అనకపోతే అమ్మకు ఆయన ఒంట్లో బాగాలేదేమోనని దిగులు పట్టుకునేది. బావ కూడా ఆ తానులో గుడ్డే, పెళ్ళయిన కొత్తలో మా ఇంట పులుసు తిని "ఇందులో చింతపండు సిగ్గుపడి దాక్కుందేమో" అన్న అల్లుడు. అలాంటి మనిషి ఆ ఏడాదంతా ఏం పెట్టినా తలవంచుకుని తినేసి, "బాగుంది" అని లేచిపోయేవారు. అక్క వంటింట్లో కళ్ళొత్తుకునేది. "నామీద మనసు విరిగిందే ఆయనకి. తిట్టడానిక్కూడా నేను పనికిరాకుండా పోయాను" అని ఒకసారి నాతో అంది. మనసు విరగలేదు, ముక్కు పోయింది, రుచీ తెలియడం లేదు, వెనకాలే చెయ్యి వణుకుతుంది, అని నేను లోలోపల ఖాయం చేసుకున్నాను. పరాయి దేశంలో ఆ ఇంటికి ఆధారమైన మనిషికే ఆ జబ్బు వస్తే అక్క గతేమిటని పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడేవి కావు.

అదే సమయంలో మా గైడు వాసనల పరీక్ష ఒకటి నా చేతికిచ్చింది. చిన్న పుస్తకం, ప్రతి పేజీలో ఒక చుక్క, గోటితో గీరితే వాసన వస్తుంది, కింద ఇచ్చిన నాలుగు పేర్లలో అదేమిటో గుర్తుపట్టాలి. రోగులతో పోల్చి చూడటానికి ఆరోగ్యవంతులు కావాలంది. శనివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చే తెలుగువాళ్ళున్నారు కదా అని తెచ్చాను గానీ, అసలు గురి బావ మీదే. ఆయన పేజీ గీరి, ముక్కుకు పెట్టుకుని, నుదురు చిట్లించి, తోచిన పేరేదో చెప్పారు. ఒకటీ అరా తప్ప అన్నీ తప్పే. ఏదో వంక పెట్టి పెరట్లోకి వెళ్ళి నిలబడిపోయాను.

లోపలికి వచ్చేసరికి ఆ పుస్తకం చేతులు మారుతోంది. హైదరాబాదు నుంచి వచ్చిన సాహెబుగారు ఒకాయన, మా బావకు ఆఫీసు స్నేహితుడు, బిర్యానీ దమ్ము పడిందో లేదో వీధి మొదట్లోంచే చెప్పగల ముక్కు ఆయనది. ఆయనా అన్నీ తప్పే చెప్పి, "ఏందమ్మా ఇది, అన్నీ హాస్పిటల్ వాసనలే ఉన్నయి" అని పుస్తకం బల్ల మీద పడేశారు. అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. అందులో ఉన్నవి మేము ఎప్పుడూ ఎక్కని కొండల మీది చెట్లు, ఎప్పుడూ తినని పళ్ళు, ఎప్పుడూ చప్పరించని మిఠాయిలు. చిన్నప్పుడు పీల్చని వాసనకు పెద్దయ్యాక పేరెక్కడి నుంచి వస్తుంది? సోమవారం ఈ సంగతి చెబితే మా గైడు నవ్వలేదు. అయితే మీ వాసనలతో మీరే ఒక పరీక్ష తయారుచేసుకోండి అంది.

తయారుచేశాను. మందు సీసాలు కడిగి ఆరబెట్టి, ఒకదాంట్లో ఇంగువ, ఒకదాంట్లో కర్పూరం, వేయించిన మెంతులు, ఫిల్టరు కాఫీ పొడి, సాంబ్రాణి, ఆవనూనె వేసి మూతలు బిగించాను. మళ్ళీ శనివారం బావను కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాను. మొదటి సీసా మూత తీశానో లేదో "ఇంగువ" అన్నారు. తర్వాత కర్పూరం, తర్వాత కాఫీ. మెంతుల సీసా దగ్గర ఆగి, "ఇవి నువ్వే వేయించావా? మాడ్చావు" అన్నారు. ఏడాది తర్వాత ఆ నోట వంక విన్నాను. ఆనందంతో ఆయన కాళ్ళమీద పడిపోదామనిపించింది. ఈ మనిషికి ఏ జబ్బూ లేదు, నా చదువు మండిపోనూ అని నన్ను నేనే తిట్టుకుంటూ కళ్ళు తుడుచుకున్నాను.

ఆ సందడికి అక్క చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "నాకూ పెట్టవే మీ పరీక్ష" అని బావ పక్కన చిన్నపిల్లలా కళ్ళు మూసుకుని కూర్చుంది. నేను ఇంగువ సీసా మూత తీసి ముక్కు కింద పెట్టాను. ఒకసారి పీల్చి, "మూత తియ్యవే" అంది. తీశానన్నాను. మళ్ళీ పీల్చి, "పోవే, ఖాళీ సీసా పెట్టి ఆటపట్టిస్తున్నావు" అని నవ్వింది. ఆ సీసా వాసనకు చెయ్యి చాచి పట్టుకున్న నాకే కళ్ళు మండుతున్నాయి. తలెత్తి బావను చూశాను. ఆయన అక్కవైపు చూడటం లేదు, నావైపు చూస్తున్నారు.

తర్వాత పెరట్లో ఆయన చెప్పింది విన్నాను. "ఏడాది నుంచీ చారులో ఇంగువ పిడికెడు పడుతోందమ్మా. ఒకరోజు తిరగమోత మాడి ఇల్లంతా పొగ, తను అక్కడే నిలబడుంది. ఫ్యాక్టరీలో పొద్దంతా నిలబడి వచ్చి వండుతోంది, ఈ దేశం తీసుకొచ్చి నేను ఉద్ధరించిందేముంది, తిండికాడ కూడా వంకలా అని నోరు మూసుకున్నా." ఆయన ముఖంలో నవ్వు పోవడానికి కారణం కూడా అప్పుడే తెలిసింది. వై టూ కే పని అయిపోయింది కనుక కాంట్రాక్టు పొడిగించేది అనుమానమేనని ఆఫీసులో చెప్పారట, అక్క కంగారుపడుతుందని దాచారు. ఇక నేనో? ఆ ఇంగువ చారు నేనూ తిన్నాను. ఈ దేశపు ఇంగువ ఘాటేమో అనుకున్నాను. వాళ్ళింట్లో ఉంటూ, వాళ్ళ అన్నం తింటూ, పెట్టినదానికి పేరు పెట్టకూడదని నేనూ "బాగుందక్కా" అన్నాను.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. అప్పుడు మొదటిసారి అక్కను రోగిని చూసినట్టు చూశాను. కుడిభుజం పట్టేసిందని ఆ చలికాలమంతా మూలిగితే, ఫ్యాక్టరీలో బరువులెత్తి వచ్చిందని నూనె రాశాను. శుక్రవారం శుక్రవారం వాకిట్లో సిమెంటు మీద వేసే ముగ్గు కుదించుకుపోయి అరచేయంత అయితే, పరాయివాళ్ళ ఇల్లు కదా, అద్దెకున్నాం కదా అని మొహమాటపడుతోందనుకున్నాను. చుక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నా నాకు కనబడలేదు. ఆమె నడిచేటప్పుడు ఏ చెయ్యి ఊగుతుందో నేను ఒక్కనాడూ చూడలేదు.

మా గైడు ఆమెను క్లినిక్కు వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరకు నడిపించింది, వేళ్ళు ఆడించమంది, మణికట్టు పట్టుకుని మెల్లగా తిప్పింది. వాసన పోయినంత మాత్రాన జబ్బని చెప్పలేమని, దానికి సవాలక్ష కారణాలుంటాయని, కాని మిగతావన్నీ కలిపి చూస్తే అనుమానంగానే ఉందని చెప్పి మాత్రలు రాసింది. ఆ రోజుల్లో మాత్రకు ఒళ్ళు దారికొస్తే అదే జబ్బుకు పెద్ద రుజువు. కొన్ని వారాలకు అక్క భుజం తేలికైంది, జడ తనే వేసుకుంది, "చూశావటే, తగ్గిపోయింది" అని పట్టలేని సంతోషంతో నాకు చూపించింది. ఆ తేలికకు అర్థం తెలిసినదాన్ని నేను. బాత్రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, గట్టిగా ఏడ్చాను.

సంగతంతా తెలిశాక అక్క ఏడవలేదు, మా ఇద్దరి మీదా మండిపడింది. "నా చారు విషంలా ఉంటే గుటుక్కున మింగి బాగుందంటారా? ఇకమీదట ఈ ఇంట్లో ఎవరైనా ఆ మాటన్నారంటే ఊరుకోను" అంది. అప్పటినుంచి బావ వంటింట్లో ఆమె పక్కన నిలబడేవారు. వేగింది, ఇంక దించు, ఇంగువ చాలు, అని ఆయన చెబుతుంటే ఆమె వండేది. పోట్లాడుకునేవాళ్ళు, ఒకరినొకరు దెప్పుకునేవాళ్ళు, ఆ పోట్లాట వింటుంటే నాకు తెనాలి ఇంట్లో ఉన్నట్టుండేది. కాంట్రాక్టు పోయింది, ఇంకోచోట చిన్న ఉద్యోగం దొరికింది, నా చదువు పూర్తయింది. గరిటె పట్టగలిగినన్నాళ్ళూ అక్క వండుతూనే ఉంది. ఆమె పోయి ఇప్పటికి కొన్నేళ్ళయింది.

ఇప్పుడు ఆ జబ్బును పట్టుకోవడానికి ఎన్నెన్నో స్కానులు వచ్చాయని ఆ హాల్లో పిల్ల చెప్పింది, మంచిదే. కాని నా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే, మా పిల్లలు ఫోన్లోంచి తలెత్తకుండా "యమ్ మా, సో గుడ్" అంటారు. ఉప్పు వేసినా అంతే, మరచినా అంతే. ఒకళ్ళ మనసు ఒకళ్ళు నొప్పించకూడదని అందరం ఎంత మర్యాద నేర్చుకున్నామో! నా వంటకు వంక పెట్టేవారు ఈ లోకంలో బావ ఒక్కరే మిగిలారు. ఊరికి ఆ చివరనున్న క్రాన్‌బర్న్ నుంచి అంత దూరం కారు నడుపుకుంటూ నెలకోసారి ఆదివారం భోజనానికి వస్తారు, వచ్చి పప్పు నుంచి పెరుగు దాకా అన్నిటినీ దులిపేసి వెళతారు, ఆ తిట్లు తిన్న రోజున నాకు కడుపు నిండుతుంది.

మొన్న ఆదివారం వచ్చారు. చారు రెండోసారి పోయించుకుని, నిదానంగా తిని, చెయ్యి కడుక్కుంటూ "బాగుందమ్మా" అన్నారు. పెద్దవాళ్ళమైపోతున్నాం, ఇంకా దీన్ని దెప్పడమెందుకని మర్యాదకు అన్నారా, లేక నిజంగానే ఆయనకు తెలియలేదా? ఒకప్పటి నేనైతే అప్పుడే సీసాలు కడగడం మొదలుపెట్టేదాన్ని. ఆ రోజు చారులో ఇంగువ వేయడం మరచిపోయానని నేను ఆయనకు చెప్పలేదు, గేటు దాకా వెళ్ళి, ఏ చెయ్యి ఊగుతోందో చూడకుండా తల తిప్పుకుని నిలబడ్డాను.