రెండు సైట్ల ఉగాది భోజనం

మలేషియాలోని సుంగై పెటాని దేవరాజన్‌కు పెళ్లికంటే ముందే జావాతో ముడిపడింది. ఎస్టేటు గుమాస్తా మనవడు. ఓ బ్యాంకులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తూ రాస్తూ జుట్టు పోగొట్టుకున్నాడు గాని, ఆ భాషను మాత్రం వదల్లేదు. ఆయన అక్క మొగుడు హేమనాథ్‌ది డాట్‌నెట్. అది ఒక కంపెనీవాడి సరుకు. ఇంటర్నెట్టులో పని నడపడానికి రెండూ పనికొస్తాయి. ఆ మాట వీళ్లిద్దరి ముందు అనకూడదు, అంతే.

"నీ జావాలో దండం పెట్టాలన్నా పేజీడు రాయాల గదరా!" అనేవాడు బావ.

"నీదైతే కంపెనీవాడు తలుపేసుకున్నాడంటే వీధిలో నిలబడతావు బావా," అనేవాడు దేవరాజన్.

ఈసారి ఉగాది భోజనానికి వచ్చేవాళ్ల పేర్లు ముందే సైట్లో తీసుకోవాలని తెలుగు సంఘం అధ్యక్షుడు సుప్పయ్యకు బుద్ధి పుట్టింది. "ఇద్దరూ కలిసి సెయ్యండి లా. బాగా జరిగితే సంఘం సైటు ఇకమీద మీ సేతుల్లోనే," అన్నాడు, అక్కడి అలవాటు చొప్పున మాటకు "లా" తగిలిస్తూ.

దేవరాజన్‌కు అది తన ఒక్కడి చేతికే రావాలి. బావకూ అదే కోరిక. మాట్లాడుకోవడానికని కూర్చున్నవాళ్లు తే తారిక్ టీ చల్లారకముందే లేచిపోయారు. చెరొక సైటూ తయారైంది. రెండు లింకులూ సంఘం వాట్సాప్ గుంపులో పడ్డాయి.

మనవాళ్లకు మర్యాద జాస్తి. తమ్ముడి దాంట్లో పేరిచ్చి బావగారి దాంట్లో ఇవ్వకపోతే ఆ అక్క ఏమనుకుంటుంది? అన్ని ఇళ్లవాళ్లూ రెండింట్లోనూ పేర్లిచ్చి, నోరు మూసుకుని కూర్చున్నారు.

"సూసినావేటి వసంతీ, ఊరంతా జావాకే వచ్చినారు," అన్నాడు దేవరాజన్ భార్యతో, మీసం దువ్వుకుంటూ. "పాపం, బావ ఈగలు తోలుకుంటన్నాడు."

"అన్నయ్యని ఒకపాలి అడగరాదేటి?"

"అడిగితే సిన్నబుచ్చుకుంటాడే."

అలా జాలిపడి, వంటవాడికి తన లెక్క చెప్పేశాడు. అవతల హేమనాథ్ కూడా అంతే జాలితో ఇంకో వంటవాడికి తన లెక్క చెప్పాడు.

ఉగాదినాడు హాలు ముందు రెండు వ్యాన్లు ఆగాయి. పులిహోర దించుతూనే ఉన్నారు. జనం తినగలిగినంత తిన్నారు; సగం గిన్నెల మూత కూడా తియ్యలేదు.

"ఎవడి లెక్క తప్పింది?" సుప్పయ్య అరిచాడు.

"నాది కాదు!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

"నిజవే మామా," అంది వసంతి. "ఇద్దరి లెక్కా సరిగ్గానే ఉంది. అందుకే ఇంత మిగిలింది."

హాలు ఘొల్లుమంది. దేవరాజన్ చెవులు ఎర్రబడ్డాయి. సుప్పయ్య అక్కడికక్కడే తేల్చేశాడు: సైటూ వద్దు, ఏ భాషా వద్దు. వచ్చే ఏటినుంచి వసంతే వాట్సాప్ గుంపులో అడుగుతుంది.

మిగిలింది ఇంటింటికీ కట్టి పంపే పని బావాబావమరుదుల మీద పడింది. దేవరాజన్ గరిటె పట్టాడు, హేమనాథ్ సంచి పట్టాడు.

"వాట్సాప్ అంట బావా," దేవరాజన్ గొణిగాడు. "అదీ ఒక పద్ధతేనేటి?"

"సిగ్గుసేటు లా," అన్నాడు హేమనాథ్.

అన్నేళ్లలో జావా, డాట్‌నెట్ ఒక్క మాట మీదకు రావడం అదే మొదలు. అదీ వసంతి అటు తిరిగాక.